జిల్లేడు పాదు

జహీరాబాద్,
6 జూలై 2025.

తమ్ముడు జగదీశ్‌కు,

అక్క భాగీరథి రాస్తున్నది. నువ్వు బీదర్ బస్సెక్కి నేటికి వారం. నీ ఫోను ఆ తాగుడు మాన్పించే కేంద్రం వాళ్ల బీరువాలో ఉందని, నాలుగు నెలలదాకా నీ చేతికి రాదని, ఉత్తరాలు మాత్రం రెండు వారాలకోసారి శనివారం నాడు పంచుతామని అక్కడి మేనేజర్ గారు చెప్పారు. అంగన్‌వాడీలో ఇరవై ఏళ్లుగా పిల్లల చేత అఆలు దిద్దిస్తున్నదాన్ని, ఉత్తరం రాయడం నాకో లెక్కా అనుకున్నాను. తీరా పోస్టాఫీసుకు పోయి ఇన్‌లాండ్ లెటర్ అడిగితే, కౌంటర్లో అమ్మాయి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఉన్నాయో లేదో వెతకాలి ఆంటీ అంది.

ఇక్కడ అందరం బాగున్నాం. న్యాల్‌కల్ పొలం కౌలుకిచ్చి మంచిపని చేశావు. నీ భార్య త్రివేణి, బస్టాండు దగ్గర టైలర్ షాపులో జాకెట్లకు హుక్కులు కుట్టే పనికి కుదిరింది. నీ పేరెత్తితే మాట్లాడదు. కానీ నువ్వు వదిలిపోయిన రెండు చొక్కాలూ ఉతికి, ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టింది. ఈ మాట నేను రాశానని ఎప్పుడూ అనకు.

నీ కూతురు వర్షిత మాత్రం నా ఇంటిని పురుగుల హాస్టలు చేసింది. నారింజ రంగు రెక్కలు, నల్ల అంచు ఉండే సీతాకోకచిలుక జిల్లేడు ఆకు వెతుక్కుని గుడ్డు పెడుతుందని, దాని పురుగు ఆ ఆకు తిని పెరుగుతుందని వాళ్ల సైన్సు టీచరు చెప్పిందట. అమెరికాలో వీటి దాయాదులుంటాయట, మోనార్కులట, వేల మైళ్లు ఎగురుతాయట. మనవి ఈ గోడ దాటి ఎక్కడికీ పోవు. నల్లగా, తెల్లగా, పసుపుపచ్చగా చారలు, వీపు మీద మూడు జతల నల్ల కొమ్ములు. పద్నాలుగున్నాయి. పేర్లు పెట్టడం కష్టమని రోల్ నంబర్లిచ్చింది. పొద్దున లేచి చెప్పుల డబ్బా మూత తీసి హాజరు పిలుస్తుంది, పెంటికలు తుడుస్తుంది, కొత్త ఆకు తొడిమకు తడి దూది చుట్టి పెడుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను పోతుందని చెప్పి చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడిగిస్తున్నాను.

ఇప్పటిదాకా రైలు పట్టాల పక్క బీడులోంచి ఆకు తెచ్చేది. ఇక ఆ తిప్పలు లేవు. నువ్వు పోయే రోజు పొద్దున మన గట్టు మీది జిల్లేడును వేళ్లతో పెకిలించి, బండి మీద కట్టి తెచ్చి, మా పెరట్లో గుంత తీసి నాటిపోయావు చూడు, అది బతికింది. నాలుగు రోజులు వడిలి, మళ్లీ తలెత్తింది. ఇంట్లో జిల్లేడు ఉంటే ఇల్లు పాడుబడుతుందని పక్కింటి గిరిజమ్మ గోడ మీదుగా హెచ్చరించింది. హనుమంతుడి మెడలో ఉంటే లేని దోషం మా పెరట్లో ఉంటే ఎందుకొస్తుందని అడిగాను. అప్పట్నుంచి మజ్జిగ అడగడానికి రావడం లేదు.

ఆ పొద్దున నువ్వు మట్టి చేయి వర్షిత నెత్తిన పెట్టి, ఆ రోజు నుంచి చుక్క ముట్టనన్నావు. అది ఆ మాట బడిలో అందరికీ చెప్పుకుంది. నేనైతే ఆ పొద్దున... సరే, అది వదిలెయ్. వేళకు తిను.

నీ అక్క,
భాగీరథి

* * *

బీదర్ దగ్గర,
13 జూలై.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న ఇచ్చారు. గదిలో తొమ్మిది మందిమి ఉన్నాం. ఉత్తరం వచ్చింది నా ఒక్కడికే, అందుకని పైకి చదవమన్నారు. పురుగులకు రోల్ నంబర్లని చదవగానే చెన్నబసప్ప అనే పెద్దాయన, మనకూ అంతే కదా అని కన్నడంలో అన్నాడు. నిజమే, ఇక్కడ మమ్మల్ని నంబర్లతోనే పిలుస్తారు. నాది పదకొండు. ఇంత నవ్వు ఆ గదిలో వినడం అదే మొదటిసారి.

మొదటి వారం సంగతి రాయను. చొక్కా గుండీలు వేరేవాళ్లు పెట్టేవారు. ఇప్పుడు నేనే పెట్టుకుంటున్నాను, కింద రెండు మాత్రం వదిలేస్తున్నాను. రెండు రొట్టెలు తింటున్నాను. కల్లు వాసన కలలోకి వస్తోంది, లేచి కూర్చుని నీళ్లు తాగుతున్నాను.

జిల్లేడు బతికిందని రాశావే, ఆ ముక్క పదిసార్లు చదివాను అక్కా. పదిహేనేళ్లుగా ఎన్ని బస్తాల అల్లం పెట్టానో, అదంతా అమ్మడానికి పెట్టింది. బిడ్డ అడిగిందని నాటింది ఇదొక్కటే. అది నాటుకుంటే నేనూ నిలబడతానని మనసులో అనుకుని బస్సెక్కాను. నీళ్లు తక్కువ కానివ్వకండి. బాపు మాట మీదే ఉన్నాడని వర్షితతో చెప్పు.

త్రివేణికి నేను ఏం రాయాలో తెలియడం లేదు. అందుకే రాయడం లేదు. చొక్కాల సంగతి నువ్వు చెప్పలేదు, నేను వినలేదు.

నీ తమ్ముడు,
జగదీశ్

* * *

జహీరాబాద్,
20 జూలై.

జగదీశ్‌కు,

ఈసారి పరాచికాలు లేవు. వర్షిత పురుగులన్నీ చచ్చిపోయాయి.

నీ మొక్క ఆకు పెట్టడం మొదలుపెట్టిన మర్నాడే మూడు పోయాయి. తిన్నంతసేపు బాగానే తిన్నాయి. తరువాత తల అటూ ఇటూ కొట్టుకుని, పచ్చటి నీళ్లు కక్కి, మెలికలు తిరిగి కింద పడ్డాయి. మూడు రోజుల్లో పద్నాలుగూ పోయాయి. అది నోట్‌బుక్కులో ఒక్కో నంబరూ కొట్టేస్తూ కూర్చుంది. రోగం కావచ్చు, డబ్బా వేడినీళ్లతో కడగమని టీచరు చెబితే, కడిగి, ఎండబెట్టి, బీడులోంచి మరో ఆరింటిని తెచ్చి నేరుగా నీ మొక్క మీదే వదిలింది. పెట్టెలో ఊపిరాడక చచ్చాయేమో, చెట్టు మీదైతే బతుకుతాయని దాని ఆలోచన. సాయంత్రానికి ఆరూ పాదులో పడి ఉన్నాయి.

పాదు పక్కనే రెండు పిచ్చుకలు కూడా చచ్చి ఉన్నాయి. పిల్లి పని అనుకున్నాను కానీ ఒక్క ఈక చెదరలేదు. త్రివేణి వాటిని పారతో ఎత్తి గోడ అవతల పాతిపెట్టింది.

పిల్ల అన్నం సరిగా తినడం లేదు. నిన్న నా పక్కన కూర్చుని అడిగింది, "బాపు నాటిన చెట్టే కదత్తా, దానికేముంటది? నేనే సరిగ్గ సాకలేదు కావచ్చు." తొమ్మిదేళ్ల పిల్ల అనే మాటా అది?

నువ్వు ఆకును చూసి తెగులు చెప్పేవాడివి. ఇదేం తెగులో నీకు తెలిసి ఉంటుంది. చూడకుండా చెప్పడం కష్టమే, కానీ ఏదో ఒకటి రాయి. ఆ పిల్లకు తన తప్పు కాదని చెప్పడానికి నాకు ఒక కారణం కావాలి.

భాగీరథి

* * *

బీదర్ దగ్గర,
26 జూలై.

అక్కకు,

ఉత్తరం ఇప్పుడే అందింది. వెంటనే రాస్తున్నాను.

అది తెగులు కాదు. ఆ మొక్క పొలం గట్టు మీద పెరిగింది కదా, పక్క పొలాల వాళ్లు కొట్టిన పురుగుమందు గాలికి దాని మీద పడి ఉంటుంది. ఆ మందు చెట్టులోకి దిగితే కడిగినా పోదు. కాబట్టి ఆ ఆకు పురుగులకు పెట్టొద్దు. పాత చోటు నుంచే, పట్టాల పక్క బీడు నుంచే తెచ్చుకోమను. అక్కడ పొలాలు లేవు, భయం లేదు. అది వర్షిత తప్పు కాదని గట్టిగా చెప్పు. పక్క పొలాల వాళ్ల తప్పు.

వీలైతే మొక్క పీకి పారేయండి. పీకితే పిల్ల ఏడుస్తుందంటే ఉండనివ్వండి, ఆకు మాత్రం ఎవరూ ముట్టొద్దు.

పైన నాలుగు వరుసలు కొట్టేశాను, ఏమీ అనుకోకు. రెండుసార్లు వేరే కాగితం మీద మొదలుపెట్టి చించేశాను. రాసే అలవాటు తప్పింది.

ఒక మాట అక్కా. నేను వచ్చేదాకా నా గురించి ఏ చెడ్డ మాటా బిడ్డ చెవిన పడనివ్వకు. ఇక్కడ పొద్దున లేవడానికి నాకు అదొక్కటే ఉంది. బాపు చేసిన పని ఒక్కటైనా సరిగ్గా ఉందని అది అనుకోవాలి. త్రివేణి నన్ను వదిలేసినా తట్టుకుంటానేమో, బిడ్డ మొహం తిప్పుకుంటే తట్టుకోలేను.

జగదీశ్

* * *

జహీరాబాద్,
17 ఆగస్టు.

తమ్ముడు జగదీశ్‌కు,

మధ్యలో ఒక విడత ఉత్తరం తప్పిపోయింది. అంగన్‌వాడీ సర్వే అని ఇల్లిల్లూ తిప్పారు. నీకు ఆ శనివారం ఉత్తరం రాక నీ గదివాళ్లు నిరాశపడ్డారేమో. ఈసారి అందరికీ వినిపించు, అన్నీ మంచి కబుర్లే.

నువ్వు చెప్పింది అక్షరాలా నిజమైంది. బీడు ఆకు పెట్టినప్పటి నుంచి ఒక్క పురుగూ చావలేదు. మొన్న ఒకటి డబ్బా మూతకు తలకిందులుగా వేలాడి, చర్మం విడిచి, లేతపచ్చ గూడుగా మారింది. దాని మీద బంగారు చుక్కలు. నేను దండలో గుచ్చిన పూసల్లో కూడా అలాంటి మెరుపు చూడలేదు. దాని రోల్ నంబరు పదకొండు. నీ నంబరని కావాలనే ఇచ్చింది. "మా బాపు చూడకుండనే చెప్పిండు" అని టీచరు ముందు గొప్పలు పోయిందట.

మొక్క పీకడానికి మాత్రం ఒప్పుకోలేదు. పురుగులకు పనికిరాకపోతేనేం, బాపు నాటింది కదా అంది. పాదుకు రోజూ నీళ్లు పోస్తూనే ఉంది. అన్ని నీళ్లు వట్టి జిల్లేడుకు పోయడమెందుకని పోయిన నెలలో పోపులడబ్బాలోంచి గుప్పెడు మెంతులు తీసి పాదు చుట్టూ చల్లింది. ఎంత ఏపుగా వచ్చిందనుకున్నావు! గోడ మీదుగా చూసి గిరిజమ్మ మళ్లీ మాటలు కలిపింది. నీ చేతి గుంతలో ఏం వేసినా పెరుగుతుందని త్రివేణే అంది. నీ గురించి నోరు తెరిచి ఒక మంచిమాట అనడం నేను వినడం రెండు నెలల్లో ఇదే మొదలు.

రేపు సోమవారం షాపుకు సెలవట, జొన్నరొట్టెలు చేస్తానంది. వాళ్ల పుట్టింటి పద్ధతిలో పచ్చి మెంతికూర, ఉల్లిగడ్డ, కారం, నూనె కలిపి రొట్టెలో పెట్టుకుని తినడం దానికి ప్రాణం. నాకు సోమవారం ఒక్కపొద్దు కాబట్టి అదృష్టం లేదు. వర్షితకు చేదు పడదు, కానీ తానే చల్లింది కాబట్టి తానే కోసి అమ్మకిస్తానని ఇప్పట్నుంచే బుట్ట సిద్ధం చేసింది.

ఇంకో సంగతి. వచ్చే నెల చూడ్డానికి రానిచ్చే రోజున ముగ్గురం వస్తాం. త్రివేణి తనే అడిగింది, ఏ బస్సు ఎక్కాలని. ఇస్త్రీ చొక్కాలు తెస్తుంది. ఈసారి గుండీలన్నీ పెట్టుకుని ఉండు.

నీ అక్క,
భాగీరథి

* * *

బీదర్ దగ్గర,
23 ఆగస్టు, శనివారం.

అక్కా,

ఆ మెంతికూర తినొద్దు. ఒక్క ఆకు కూడా ఎవరూ తినొద్దు. నీ ఉత్తరం అరగంట కింద ఇచ్చారు. ఆఫీసులోనే కూర్చుని రాస్తున్నాను. సోమవారం దాటి ఐదు రోజులైందని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను, ఇంకేం చేయాలో తెలియక.

పక్క పొలాల వాళ్ల మందు కాదు. గాలికి పడింది కాదు. ఆ గుంతలో పురుగుమందు గుళికలు వేసింది నేను. అల్లం పెట్టేటప్పుడు వేయగా మిగిలిన పొట్లం బండి డిక్కీలో ఉంది. గుంత తీస్తే గుళికలు వేయడం మా చేతులకు అలవాటు. వేరుకు చెదలు పట్టకూడదు, బిడ్డ మొక్క ఎట్లాగైనా బతకాలి, అంతే అనుకున్నాను. చిటికెడు చాలేచోట పొట్లమంతా వంచేశాను. పొద్దున్నే కల్లు తాగి ఉన్నాను అక్కా. చివరిసారని తాగాను. ఆ నోటితోనే బిడ్డకు మాటిచ్చాను.

పురుగులు ఎట్లా చచ్చాయో నువ్వు రాసినరోజే నాకు అర్థమైంది. ఆ నాలుగు వరుసలు కొట్టేసింది అందుకే. పాదులో ఎవరూ ఏమీ వేయలేదులే, ఆకు ముట్టకపోతే చాలులే, నేను వచ్చాక చప్పుడు లేకుండా మట్టి తీసేస్తాలే అనుకున్నాను.

మేనేజర్ గారిని ఫోను చేయమని కాళ్లు పట్టుకున్నాను. చేశానంటున్నాడు, కలవడం లేదంటున్నాడు. నా మొహం చూడకుండా చెబుతున్నాడు. నంబరు ఆయన నొక్కడం నేను చూడలేదు. చెన్నబసప్పను పిలిచి నా పక్కన కూర్చోబెట్టాడు. ఎందుకో అడిగితే ఎవరూ చెప్పడం లేదు. ఈ ఉత్తరం

* * *

జహీరాబాద్,
1 సెప్టెంబర్.

జగదీశ్‌కు,

నీ సగం ఉత్తరం 27న వచ్చింది. చెన్నబసప్ప గారే పోస్టు చేసినట్టున్నారు, చిరునామా చేతిరాత నీది కాదు.

అది రాసిన సాయంత్రమే నీకు వాళ్లు చెప్పారు. మర్నాడు నువ్వు సంగారెడ్డి దవాఖాన గేటు దాకా వచ్చావు. నేను నిన్ను లోపలికి రానివ్వలేదు, మాట్లాడనివ్వలేదు. తాగి రాలేదు, అది చూశాను. అయినా పొమ్మన్నాను. కాబట్టి ఏం జరిగిందో నీకు ఎవరూ వివరంగా చెప్పి ఉండరు. చెబుతాను.

ఆ సోమవారం మధ్యాహ్నం వర్షిత బుట్టనిండా కూర కోసి తెచ్చింది. త్రివేణి కడిగి, కలిపి, మూడు రొట్టెలు తింది. పిల్లకు ఒక ముద్ద నోట్లో పెడితే చేదని ఊసేసింది, కొంచెం మింగింది. నేను నీళ్లు తాగుతూ ఎదురుగా కూర్చుని ఉన్నాను. గంట తిరక్కుండా త్రివేణికి చెమటలు పట్టాయి. నోట్లోంచి నురగ. పిల్ల వాంతులు చేసుకుంది. ఆటోలో ఊళ్లోని దవాఖానకు, అక్కడి నుంచి అంబులెన్సులో సంగారెడ్డికి. త్రివేణి దారిలోనే పోయింది. నా ఒళ్లోనే పోయింది. పిల్లను ఎనిమిది రోజులు ఉంచుకున్నారు. కంటిపాపలు చూసి, ఇది పురుగుమందే, ఎవరు తాగించారని డాక్టరు అడిగాడు.

నేను మంగళవారమే మీ మేనేజర్‌కు ఫోను చేశాను. రెండో నెలలో ఇలాంటి కబురు ఫోన్లో చెబితే మనిషి గేటు దూకి నేరుగా కల్లు దుకాణానికి పోతాడు, ఎవరైనా వచ్చి పక్కన ఉండి చెప్పాలని అన్నాడు. రావడానికి ఎవరున్నారు? మన ఊరి పొలంలో త్రివేణిని మన ఆచారం ప్రకారం కూర్చోబెట్టి మట్టి చేసింది వాళ్ల అన్నలు. మనవాళ్లు చివర్లో నిలబడ్డారు.

ఇక లోకం సంగతి. తాగుబోతు మొగుడితో వేగలేక త్రివేణి మందు తాగిందని, పిల్లకూ పెట్టిందని వీధివీధంతా అనుకుంటోంది. పోలీసులు కాగితం మీద కూడా అదే అనుమానం రాసుకున్నారు. నిజం చెప్పనా, నీ ఉత్తరం వచ్చేదాకా నేనూ అదే నమ్మాను. బస్సు ఎప్పుడని అడిగిన మనిషిని, నీ చొక్కాలు మడతపెట్టిన మనిషిని, అట్లా అనుకున్నాను. వారం పాటు దాన్ని మనసులో తిట్టుకున్నాను. ఇందుకు నేను ఎవరిని క్షమాపణ అడగాలి?

నా వంతు కూడా చెబుతాను. నువ్వు పోయే రోజు పొద్దున నీ నోటి వాసన నాకు వచ్చింది. పిల్ల నెత్తిన చేయిపెట్టి అబద్ధపు ఒట్టు వేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. నవ్వుతూ బస్సెక్కనీలే అనుకున్నాను. గుంత ఎట్లా తీశావో, అందులో ఏం వేశావో వచ్చి చూడలేదు. ఆ పూట నేను నోరు తెరిచి ఉంటే, మొక్క నాటడం ఆగి ఉండేదేమో. నువ్వు ఒక నెల దాచావు, నేను రెండు నెలలు దాచాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ఉత్తరం రాస్తున్నది దీనికోసమే.

నిన్న వర్షిత పెదవులు వాచి, నాలుక మీద పొక్కులు కనిపించాయి. దవాఖానలో ఇచ్చిన బిళ్లలు పడలేదనుకున్నాను. పొద్దున నేను వంటింట్లో ఉన్నప్పుడు పెరట్లో చూశాను. బీడులోంచి తెచ్చిన జిల్లేడు ఆకును కొరికి, నమిలి, మింగి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. ఎదురుగా పురుగుల డబ్బా. పరుగెత్తి నోట్లో వేలు పెట్టి కక్కించాను. ఏం చేస్తున్నావే అని అడిగితే ఏడవకుండా చెప్పింది, "ముందుగాల నేను తిని చూస్తున్న అత్తా. నాకేం కాకుంటే వాటికి పెడత. అమ్మకు కూడ గట్లనే తిని చూసి ఇయ్యాలె. నేను ఊసేసిన."

వారం రోజులుగా రోజూ అదే పని చేస్తోంది. జిల్లేడు పాలు మనిషి కడుపులోకి పోతే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. డబ్బా దాచాను, గడియ పెట్టాను. కానీ దాని బుర్రలో ఉన్నదానికి గడియ ఎక్కడ పెట్టను? మెంతులు చల్లింది తను, నీళ్లు పోసింది తను, కోసింది తను. అమ్మను తానే చంపానని తేల్చుకుంది. నీ తప్పు కాదని నేను వందసార్లు చెప్పాను. అయితే ఎవరిదని అడుగుతుంది.

నీ సగం ఉత్తరం నా చీరల కింద ఉంది. పోలీసులకు ఇవ్వలేదు, పిల్లకు చూపలేదు. అది నా నోటితో చెప్పే మాట కాదు. పిల్లకు నువ్వే రాయి. నిన్ను అసహ్యించుకుంటుంది, రాయి. నువ్వు దాని దగ్గర దాచుకున్న మంచిపేరు ఆ పిల్ల ప్రాణం తీస్తోంది. నువ్వు రాయకపోతే నాకు తమ్ముడు లేడు.

భాగీరథి

* * *

బీదర్ దగ్గర,
6 సెప్టెంబర్ 2025.

వర్షితా,

బాపు రాస్తున్నాడు. ఈ ఉత్తరం అత్తతో చదివించుకోవద్దు, నువ్వే చదువుకో. అర్థం కాని ముక్క ఉంటే మళ్లీ మళ్లీ చదువు. నేను తప్పులు లేకుండా రాయాలని మూడు కాగితాలు చెడగొట్టి ఇది నాలుగోది రాస్తున్నాను.

నేను జిల్లేడు నాటిన రోజు, నువ్వు బావి దగ్గర బకెట్ నింపుతున్నప్పుడు, గుంతలో విషపు గుళికలు పోశాను. అల్లానికి వేసేవి. మొక్కకు చెదలు పట్టకూడదని పోశాను. పురుగులు ఆ ఆకే తింటాయని నువ్వు నాకు అంతకుముందే చెప్పావు. నేను తాగి ఉన్నాను, ఆలోచించలేదు. నీ నెత్తి మీద చేయి పెట్టినప్పుడు కూడా తాగే ఉన్నాను. చుక్క ముట్టనని చెప్పింది అబద్ధం.

గుళికలు నీళ్లకు కరిగి వేళ్లలోకి, వేళ్ల నుంచి ఆకుల్లోకి పోతాయి. అందుకే ఒకటో నంబరు నుంచి పద్నాలుగో నంబరు దాకా చచ్చిపోయాయి. తరువాతి ఆరూ అందుకే పోయాయి. పిచ్చుకలు గింజలనుకుని ఆ గుళికలనే తిన్నాయి. నువ్వు డబ్బా బాగానే కడిగావు. బాగానే సాకావు.

మెంతికూరలోకి కూడా ఆ విషం అట్లాగే పోయింది. ఆకు చూస్తే తెలియదు, వాసన చూస్తే తెలియదు. కడిగితే పోదు. నువ్వు ముందు తిని చూసినా తెలిసేది కాదు, నువ్వు కూడా పోయేదానివి. అమ్మకు తెలియదు. అత్తకు తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పురుగులు చచ్చిపోయాయని అత్త రాసిన రోజే నాకు తెలిసింది. పాదులో గుళికలున్నాయని ఒక్క వరుస రాస్తే సరిపోయేది. రాసి కొట్టేశాను. నువ్వు నన్ను మంచివాణ్ణి అనుకోవాలని కొట్టేశాను. నీ తప్పు కాదని చెప్పమని రాస్తూ పక్క పొలాల వాళ్ల మీద పెట్టాను. వాళ్ల తప్పు కూడా కాదు.

అమ్మ ఏ మందూ తాగలేదు. నీకు ఏమీ పెట్టలేదు. బడిలో గానీ వీధిలో గానీ ఎవరైనా అట్లా అంటే ఈ ఉత్తరం చూపించు. ఇలాంటిదే ఇంకోటి రాసి సోమవారం నాడు జహీరాబాద్ పోలీస్ స్టేషన్‌లో ఇస్తాను. మేనేజర్ గారు, చెన్నబసప్ప తాత నాతో వస్తున్నారు. తరువాత వాళ్లు నన్ను ఎక్కడ ఉంచితే అక్కడ ఉంటాను. నువ్వు నన్ను చూడ్డానికి రావక్కర్లేదు. మాట్లాడక్కర్లేదు. పెద్దయ్యాక కూడా రావాలనిపించకపోతే రావద్దు.

పాదు చుట్టూ తాడు కట్టమని అత్తతో చెప్పు. ఆ మట్టి ఎవరూ చేత్తో ముట్టొద్దు. దాన్ని ఎట్లా తవ్వి తీయాలో వ్యవసాయ ఆఫీసు వాళ్లను పంపించమని స్టేషన్‌లో అడుగుతాను.

పట్టాల పక్క బీడులో ఆకు మంచిది. దాన్ని నేరుగా పురుగులకు పెట్టు. నువ్వు కొరకొద్దు. మనిషి తినేది కాదు అది, మంచి ఆకైనా సరే నీ నోరు, కడుపు కాలుస్తుంది. నువ్వు తిని చూడాల్సిన పని ఏ ఆకుకూ లేదు.

ఏ గూడైనా నల్లబడితే భయపడొద్దు, చచ్చిపోయిందనుకుని పారేయొద్దు. రెక్కల రంగు బయటికి కనిపిస్తున్నదన్నమాట. మర్నాడు వస్తుంది. పదకొండో నంబరు మాత్రం ఇక దేనికీ ఇవ్వకు. అది నా నంబరు, వాటికి వద్దు.

ఇంకోసారి రాస్తాను, ఇది ఒక్కటి గుర్తుంచుకుంటే మిగతా ఉత్తరం చించేసినా ఫరవాలేదు. గుళికలు వేసింది బాపు. దాచింది బాపు. మెంతికూర కోసిన చేతులు ఏ తప్పూ చేయలేదు.

జగదీశ్